మూడో మీటరు

హలో… ఆఁ, నేనే, ఫియోర్దలిసాని. ఈ ఇంట్లో ఇంకెవరు తీస్తారు ఫోను?

…

వచ్చాడు. పొద్దున్నే వచ్చాడు, నువ్వు పంపిన కిరీకో మేస్త్రీ. కాఫీ ఇచ్చాను, తాగాడు. ఇప్పుడు మెట్ల కింద కరెంటు పెట్టె తెరిచి, దాని ముందు కూచుని తల గోక్కుంటున్నాడు. అందుకే నిన్ను ఫోన్ చెయ్యమన్నది.

…

ఎందుకంటే… నువ్వు లాగిన వైర్లు నీకు తప్ప దేవుడికి కూడా అర్థం కావు. అందుకు.

…

లేదు రాదామెస్, తిట్టట్లేదు. తిట్టే ఓపిక లేదు. ఉన్నది చెప్తున్నా.

ఇన్నాళ్లూ ఇల్లంతా ఒక్క మీటరు మీద నడిచింది. ఇప్పుడు మనం విడిపోయాం, పైవాటా నీకు, కిందివాటా నాకు, ఎవరి కరెంటు వాళ్లది అనుకున్నాంగా. పైన నువ్వు అద్దెకి దింపిన టీచరమ్మ కూడా విడి మీటరు కావాలంటోంది. సరే. చేద్దాం. ఈయన ఒక్కోటీ ఆపుతాడు. ఏది ఆరిందో నేను చూసి చెప్తా. వైరు ఎటునించి ఎటు పోయిందో నువ్వు చెప్పు.

…

పుయెర్తో ప్లాతాలో వానా? ఇక్కడ చుక్క లేదు. సాంతియాగో మాడిపోతోంది. సరే, ఫోను పెట్టెయ్యకు— మేస్త్రీగారూ, మొదటిది కొట్టండి!

…

వంటిల్లు. ఫ్రిజ్జు కూడా. నాదే. రాసుకోండి మేస్త్రీగారూ.

…

రెండోది… పైన. టీచరమ్మ అరుస్తోంది. జుట్టు ఆరబెట్టుకుంటోందట, సగం తలే అయిందట. — ఒక్క నిమిషం తల్లీ, వచ్చేస్తుంది!

…

మూడోది… ఉండు. నా బాత్రూంలో దీపం పోయింది. పైన ఆవిడ మెట్లమీద కూడా పోయిందట. నా బాత్రూం దీపం ఆవిడ మెట్ల మీంచి ఎందుకొస్తోంది?

…

వైరు చాల్లేదా. … ఆఁ, గుర్తుంది. తుఫానుకి రేకులు లేచిపోయిన ఏడు. కొట్లన్నీ మూసేశారు, ఉన్న ముక్కతోనే అతుకేశావు. గుర్తుండకేం, నిచ్చెన పట్టుకుంది నేనేగా.

…

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మనం రెండూ చూశాం.

నవ్వకు. నవ్వించడానికి అన్లేదు.

…

ఎట్లా ఉంటాను, ఉన్నాను. ఇదివరకు నీ పేరు ఫోన్లో కనిపిస్తే గుండె దడదడలాడేది. ఇప్పుడు నీళ్లబండివాడు చేసినట్టుంది. … నొప్పించాలని కాదు, అడిగావని చెప్పా. — నాలుగోది కొట్టండి!

…

ఏదీ ఆరలేదే. ఉండు, వెనక్కి వెళ్లి చూస్తా… ఆఁ. అత్తయ్య ఫ్యాను. వెనకగదిది.

— ఏం లేదత్తయ్యా! మేస్త్రీ వచ్చాడు! ఇప్పుడే వేస్తాడు!

మీ అమ్మే. కరెంటు పోయిందా అంటోంది.

…

తింటోంది. అరటికాయ ఉడకబెట్టి మంగూ మెత్తగా మెదిపి పెడితే గిన్నె ఖాళీ చేస్తుంది. మనుషుల్నే కలిపేస్తోంది. నన్ను నుర్కా అంటుంది, కన్నకూతురు నుర్కా ఫోన్ చేస్తే ఈ అమ్మాయెవరు అంటుంది. నువ్వు మాత్రం గుర్తున్నావు.

…

ఎట్లాగంటే… కరెంటు వచ్చినప్పుడల్లా సందులో అందరూ “వచ్చిందీ” అని కేకలేస్తారా, ఆవిడ “రాదామెస్ వచ్చాడు” అంటుంది. సందులో కరెంటు పోతే స్తంభం ఎక్కేది నువ్వేగా. ఆవిడకి ఇంకా ఆ రోజులే.

…

మొదట్లో “లేదత్తయ్యా, రాలేదు” అనేదాన్ని. అన్నం మానేసేది. ఇప్పుడు “ఆఁ, వచ్చాడు” అంటున్నా. ఊరుకుంటుంది.

…

సర్లే. పని చూద్దాం. ఆ ఫ్యాను వైరు నా వంటింటి గోడలోంచే పోతోంది. నా మీటర్లో కలిపెయ్యమంటా—

…

ఆగడమేంటి?

… ఏంటి మేస్త్రీగారూ? … మూడా?

రాదామెస్, ఈయన సంచిలోంచి మూడు మీటర్లు తీశాడు. మనం అనుకుంది రెండేగా. మూడోది ఎవరికి?

…

మళ్లీ చెప్పు.

…

వెనకగదికి. … విడిగా. … సందువైపు తలుపు పెట్టి. … అద్దెకి.

ఆఁ, వింటున్నా. కానీ.

…

అందులో మీ అమ్మ ఉంది.

…

లా బేగాకి. నుర్కా దగ్గరికి. … నీ చెల్లెలు సరే అందా? … “అంటుంది.” అంటే ఇంకా అడగలేదు. మేస్త్రీకి తెలుసు, మీటర్లమ్మిన కొట్టువాడికి తెలుసు. ఆ గదిలో పడుకునేదానికీ, అన్నం పెట్టేదానికీ తెలీదు.

…

అరవట్లేదు. విను, గొంతు ఎంత మామూలుగా ఉందో. కోపం రావాలి కదా? రావట్లేదు. తిమ్మిరెక్కిన కాలు గిల్లుకుంటే ఎట్లా ఉంటుంది… అట్లా ఉంది.

…

కాగితంలోనా? పై అంతస్తు నీకు, కింది అంతస్తు నాకు. వెనకగది సంగతి లాయరూ అడగలేదు, మనమూ చెప్పలేదు. … ఓహో. మీటరు ఎవరి పేరునుంటే గది వాళ్లదవుతుందనా? తెలివైనవాడివే. పాపం, మేస్త్రీ ముందు బయటపడ్డావు.

…

నాకు భారమనా? ఇన్నాళ్లూ లేని జాలి, మీటర్లతోపాటు అదే సంచిలో వచ్చిందా?

…

నిజమే. నాకేమీ కాదు. విడిపోయాక అత్తేంటి. పక్కింటి మిలాద్యా మొహానే అంది, మొగుణ్ణి వదిలి అత్తని ఉంచుకున్నదాన్ని నిన్నే చూశానే అని.

పొద్దున్నే మీ అమ్మ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా గుమ్మంలో కూచుంటుంది. నేను తల దువ్వుతా. “గట్టిగా లాగకే” అంటుంది. అంతే. రోజూ అంతే.

…

ప్రేమో ఏమో నాకు తెలీదు. ఆ మాట నువ్వు అడక్కు.

…

అక్కడికి తీసుకెళ్తే ఏమవుతుందో నీకూ తెలుసు. ఇక్కడ చీకట్లో కూడా గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్లొస్తుంది, ఈ గోడలు చేతికి తెలుసు కాబట్టి. నుర్కా ఇంట్లో మూడో మెట్టు మీదే పడిపోతుంది. … నువ్వు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నాకు ముందే చెప్పేవాడివి.

ఒక్క నిమిషం ఆగు.

— మేస్త్రీగారూ! వెనకగది వైరు నా మీటర్లో వెయ్యండి. … నేనే చెప్తున్నా. … ఆయనా? ఆయన ఫోన్లోనే ఉన్నాడు, వింటున్నాడు. ఆ మూడోది మళ్లీ సంచిలో పెట్టెయ్యండి.

…

అరుచుకో. ఎవరి కరెంటు వాళ్లదన్నది నువ్వేగా. ఆవిడ కరెంటు నాది.

…

కోర్టుకా? వెళ్లు. అక్కడ కూడా ఇదే చెప్తా. ఈ గోడలకి ఇసుక నేనూ మోశాను.

…

మాట్లాడతావా ఆవిడతో? ఫోను ఇస్తాను, పది అడుగులు కూడా లేదు.

…

ఇప్పుడు కాదా.

సరే. ఎప్పుడడిగినా ఇప్పుడు కాదు.

…

ఏంటి మేస్త్రీగారూ? … అయిపోయిందా? … వెయ్యండి, వెయ్యండి.

… ఉండు, మెయిన్ వేస్తున్నాడు.

… వచ్చింది. ఫ్రిజ్జు గుర్రుమంది. పైన ఆవిడ మిగతా సగం తల మొదలెట్టింది.

…

ష్. ఆగు. విను.

… వినిపించిందా? వెనకగదిలోంచి. “రాదామెస్ వచ్చాడు” అంటోంది.

… నన్నే పిలుస్తోంది, వచ్చాడా అని అడుగుతోంది.

చెప్పు, ఏమనను? రోజూ నేనే చెప్తున్నా. ఇవాళ లైన్లో ఉన్నావుగా, నువ్వు చెప్పు.

…

రాదామెస్?

…

హలో… హలో?

…

— ఆఁ అత్తయ్యా, వచ్చాడు.

… లేడు. వెళ్లిపోయాడు.

… ఫ్యాను తిరుగుతోందిగా. పడుకోండి.