కనిగిరి కొండ మీద వజ్రాల రేటు

మార్కండేయులు చీరల మూట బల్ల మీద దించాడంటే, పెదకాకాని రోడ్డు టీ కొట్టులో పొయ్యికంటే ముందు ఆయన నోరు అంటుకున్నట్టే. చీరాల నుంచి తెచ్చిన చీరలు ఊరూరా తిరిగి అమ్ముకునే మనిషి. ఒక్క చీర అమ్మడానికి తొమ్మిది అబద్ధాలు ఆడి, పదోది కొసరు వేస్తాడు. ఈ సంగతి మిర్చి రైతు ఇమ్మానియేలుకీ తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తన ఫోను ఆయన చేతిలో పడనిచ్చాడు.

ఎలాగంటే, ఇమ్మానియేలు పొద్దున మార్కెట్ యార్డులో మిరపకాయలు అమ్మాడు. ఏడాది పంట డబ్బంతా ఆ ఫోనులోకే వచ్చింది. మర్నాడు కూతురు జాస్మిన్ పుట్టినరోజు. గౌను వద్దు నాన్నా, ఫోను గేములో నూరు వజ్రాలు కొనిపెట్టు అంది ఆ పిల్ల. అవి బొమ్మ వజ్రాలు, ఆ ఆటలో చెల్లే డబ్బు. "నూరు వజ్రాలూ ఎనభై రూపాయలంట" అని కొట్లో అన్నాడో లేదో, "ఎనభై అని ఎవడన్నాడు? ఇటివ్వు!" అంటూ మార్కండేయులు ఫోను లాక్కున్నాడు. ఇక డబ్బు కట్టే పిన్ను చెప్పడమే తరువాయి. ఇమ్మానియేలు టీ గ్లాసు పక్కన పెట్టేసి ఆయనకి దగ్గరగా జరిగాడు.

"దేశానికో రేటయ్యా ఈ వజ్రాలకి," మొదలుపెట్టాడు మార్కండేయులు. "మన దగ్గర ఎనభై అయితే ఇంకో దేశంలో సగమే. నేను ఫలానా దేశంలో ఉన్నానని ఫోనుకి చెబితే నమ్మేస్తుంది పిచ్చిముండ. మా మేనకోడలు శిల్పకి ఓసారి అట్లాగే కొనిచ్చా. ఇదంతా మామూలు సంగతే అనుకో."

"మామూలే," అంది టీ కొట్టు వెంకటేశ్వరమ్మ, గ్లాసులు కడుగుతూ.

"కానీ ఊరికో రేటని కనిపెట్టింది మాత్రం నేను! చీరాలలో ఎనభై. సింగరాయకొండలో బస్సు దిగి చూస్తే డెబ్బై. ఇదేందబ్బా అని కనిగిరి పోయా, నలభై! మెట్ట ప్రాంతం కదా, కంపెనీవాడు కూడా జాలిపడ్డాడు. అప్పుడు నేనేం చేశానో చెప్పుకోండి చూద్దాం? కోట ఉన్న కొండ ఎక్కడం మొదలుపెట్టా. అడుగుకో రూపాయి తగ్గుతోంది!"

"నలభై అడుగులకే సున్నా అయిపోవాలే," అన్నాడు ఆటో తోలే గౌస్ బాషా.

"అయింది! అయితే ఆగానా? ఇంకా ఎక్కా. ఎక్కేకొద్దీ వాడే నాకు ఎదురు ఇస్తున్నాడు. కొండ కొసకి చేరేసరికి నూరు వజ్రాలూ, పైన అరవై రూపాయలూ! పూటంతా అక్కడే కూచుని కొన్నా. వజ్రాల బరువుకి ఫోను పైకి లేస్తేనా? పంచెలో మూటగట్టి ఇద్దరు కూలీల చేత దింపించా. అందులో ఒకడు ఇప్పటికీ వంగే నడుస్తాడు."

గౌస్ బాషా పగలబడి నవ్వాడు. ఇమ్మానియేలుకి మాత్రం నవ్వు రాలేదు. కోతలు కోసేవాడితో చిక్కు లేదు, జేబులు కోసేవాడైతేనే చిక్కు. ఈయన ఏ రకమో తేలడం లేదు. ఫోను మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు.

"ఆ మీదట ఏమైందో మీరు నమ్మరు!"

"నమ్మంలే, చెప్పు," అంది వెంకటేశ్వరమ్మ.

"కంపెనీ ఓనరే వీడియో కాల్ చేశాడు, ఏడు సముద్రాల అవతలి నుంచి! గడ్డం వణుకుతోంది పాపం. 'మార్కండేయులు గారూ, మీరు మళ్ళీ ఆ కొండ ఎక్కితే నా కంపెనీ మునుగుద్ది, ఏదో ఒక రేటు తేల్చండి' అన్నాడు. నేను కూలీల ముందు రేటు చెప్పేవాణ్ణా? ఎద్దుల సంతలో బేరం ఎట్టా చేస్తారు? తువ్వాలు కిందే కదా! ఫోను రాయికి ఆనించి, చేతి మీద తువ్వాలు కప్పా. నేను రెండు వేళ్ళు పెట్టా, వాడు నాలుగు పెట్టాడు. చివరికి నూరు వజ్రాలు మూడు రూపాయలకి ఖాయం! నా పేరు చెప్పినవాళ్ళకంతా అదే రేటు. ఊఁ, ఆ పిన్ను చెప్పు ఇమ్మానియేలూ."

ఎనభై ఎక్కడ, మూడెక్కడ! ఆశ చెడ్డది. పిన్నులో మొదటి అంకె ఇమ్మానియేలు నాలుక చివరికి వచ్చేసింది కూడా. అంతలో ఏదో తట్టి ఆగిపోయాడు.

"ఒక్క మాటండీ. మీరెప్పుడైనా ఎడ్లని కొన్నారా?"

"నేను చూడని సంతా?"

"చూసే ఉంటారు. కానీ తువ్వాలు కింద వేళ్ళు చూపించరండీ, పట్టుకుంటారు. నేను ఎడ్లజత కొన్ననాడు దళారి నొక్కిన నొక్కుకి నా వేళ్ళు రెండు రోజులు వాచిపోయాయి. ఏడు సముద్రాల అవతలి మనిషి వేళ్ళు మీరు ఫోనులోంచి ఎట్టా పట్టుకున్నారు?"

మార్కండేయులు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"వాడు... వాడు కూడా అటుపక్క తువ్వాలు కప్పుకున్నాడు."

గౌస్ బాషాకి టీ పొలమారింది. ఇమ్మానియేలు లేచి ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. ఈయన దొంగో, ఉత్త కోతలరాయుడో ఇప్పటికీ తెలియలేదు. తెలుసుకోవాలనీ లేదు. గుండెల మీంచి మిరపకాయల బస్తా దించినట్టయింది. అటు తిరిగి నిలబడి, ఎవరికీ కనపడకుండా పిన్ను కొట్టి, ఎనభై రూపాయలకే కూతురికి వజ్రాలు కొన్నాడు.

"ఎనభై పోశావా!" నెత్తి కొట్టుకున్నాడు మార్కండేయులు. "పిచ్చోడా, డెబ్బై ఏడు రూపాయలు దండగ!"

"దండగేనండీ," అన్నాడు ఇమ్మానియేలు. "పంట మిగిలింది."