కోటు మడతలో దారాలు

ఏంటే ఆ చొక్కా, ఒళ్లంతా ఆకుపచ్చ మచ్చలు? ఆఁ? అడవిలో కనబడకుండా ఉండటానికా? మరి వీధి చివర్నుంచే కనబడ్డావు కదే! నవ్వకు. కనబడకుండా చేయడమంటే మా అన్నయ్యే చేయాలి. నువ్వు పుట్టకముందే పోయాడులే నీ పెద్దతాత. చిరిగిన బట్టలు బాగుచేసేవాడు. కుట్టడం కాదు, నేయడం. ఆ బట్ట లోపలి మడతలోంచే దారాలు లాగి, సూదితో ఒక్కో పోగూ కిందా మీదా పోనిచ్చి నేసేవాడు. పనయ్యాక "ఎక్కడ చిరిగిందో చూపించండి చూద్దాం" అనేవాడు, మీసాల్లో నవ్వుకుంటూ. వాళ్లు వెలుగులో పెట్టి, కళ్లజోళ్లు సవరించుకుని... కళ్లజోడంటే గుర్తొచ్చింది, నాదేదీ? నెత్తిమీదే ఉందా? సర్లే. ఎక్కడున్నాం? ఆ, కోటు. అదిగో, ఆ కొక్కేనికుందే, బూడిదరంగుది, ఇలా పట్రా. మా ఆఫీసులో పదిమందికీ ఒకే గుడ్డ, ఒకే కోటు. వెనకనుంచి చూస్తే మా మేనేజరు కూడా ఎవరెవరో పోల్చుకోలేకపోయేవాడు. ఓరోజు అది వేసుకుని అన్నయ్య షాపుకెళ్లి నోరు జారాను. "నువ్వేం చేశావో ఎవడికీ కనబడదు, ఇదీ ఒక పనేనా?" అన్నాను, నలుగురిలో. పొగరు, ఇంకేంటి! అన్నయ్య సూది కింద పెట్టి "బయటికి నడు" అన్నాడు. విసురుగా లేచానా, తలుపు గడియకి తగులుకుని వీపు మీద జానెడు మేర పర్రుమంది. అక్కడే విప్పి పారేసి "నేసిపెట్టు మరి" అన్నాను. "చచ్చినా ముట్టను" అన్నాడు. కోటక్కడే వదిలేసి వచ్చేశాను.

మూణ్ణెల్లకి పోయాడు. ఈలోపు మాటల్లేవు. తర్వాత వదిన ఓ కోటు కాగితంలో చుట్టి పంపింది. విప్పి చూస్తే చిరుగే లేదు! అన్నయ్య నేశాడా? కానీ గుండీలు కుట్టించుకోడానికి మా ఆఫీసువాళ్ల కోట్లు కూడా అక్కడే ఉండేవి. ఎవడిదో పంపేసిందేమో! అడిగితే "ఏమోనయ్యా, కొక్కేనికున్నది పంపాను" అంది. నలభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నా. ఓరోజు నాదే అనిపిస్తుంది, ఓరోజు అస్సలు కాదనిపిస్తుంది. పిచ్చెక్కుతుందనుకో. ఏంటీ? మడత విప్పితే తెలిసిపోతుందా? ఆ సంగతి నాకు తెలీదా! దారాలు అలాగే ఉంటే? అన్నయ్య నామీద కోపంతోనే పోయినట్టు కదా. భయమే నాకు, అందుకే ముట్టలేదు. ఏయ్, ఆ కత్తెరెందుకు? ఆగవే తల్లీ, ఆగు... సరే, కానీయ్. మెల్లిగా.

ఏముంది? లేవా? దారాలు లేవా? సరిగ్గా చూడు. ఎంత మేర? జానెడా? నీ జాన కాదే, చిన్నది. ఏదీ, నన్ను కొలవనీ.

ఇంత కనబడకుండా చేస్తే నాకెలా తెలుస్తుందన్నయ్యా?

...నీ చొక్కా గుండీ ఊడేలా ఉంది, చూసుకోవే.