ఆఫీసు ఎనక రాళ్లల్ల నాగుబాము

"తాతా, ఈ ఆఫీసు ఎనక రాళ్లల్ల తంగేడు ఎట్ల మిగిలింది? సుట్టూత బిల్డింగులే గదా?"

ఎట్ల మిగిలిందంటే... అబద్ధమాడిన బిడ్డా. ఫోన్‌ల రికార్డయితుందా? కానీ తియ్యి, పింఛనైతే ఆపరు గదా.

నేను గీ నాంపల్లి ఆఫీసుల మాలీగ చేసిన. ముప్పయ్యేండ్లు. అబిడ్స్‌ల చాయ్ ఆఠాణా, గదే అర్ధరూపాయి, ఉన్నప్పుడు చేరిన. ఏడాదికోసారి పెద్దసారు మొక్క నాటి ఫోటో దిగుతుండె. గుంత నేనే తవ్వాలె. మొక్క ఎండుడు, మళ్ల గుంత ఖాళీ అవుడు. కొత్త గుంత ఎందుకని గదే ఉంచిన. ఎంతమంది సార్లు మారినా గా గుంతలనే నాటిన్రు. ఎవ్వలడగలే.

ఎనక రాళ్లల్ల మాత్రం ఎవ్వలు నాటకుంటనే తంగేడు, గునుగు, బలుసు, రేగు. బొట్టు నీళ్లు పొయ్యలే. మా ఇంటామె, పోయి మూడేండ్లాయె... కాదు, నాలుగు. బతుకమ్మకు ఆమె గీడనే పువ్వు తెంపేది. ఇప్పుడు మార్కెట్ల గునుగు కట్ట యాభై అంటున్రు. సిగ్గుండాలె.

ఓనాడు ఇంజినీరు సారొచ్చి, "ఈ పిచ్చిమొక్కలన్ని పీకెయ్, లాన్ ఏద్దాం" అన్నడు. మస్తు కోపమొచ్చింది. కోపమొస్తే నేను నిమ్మళంగ మాట్లాడ్త. "పీకుత సార్, గని గాడ నాగుబాముంది" అన్న. పాము లేదు, ఏం లేదు. తొండలుండె. సారు రెండడుగులు ఎనకకేసిండు. నాగులపంచమికి స్టాఫ్ ఆడోళ్లు పాలు తెచ్చి రాళ్లమీద పోసిన్రు. పిల్లి తాగింది. నేను గూడ మొక్కిన. మొక్కకుంటే అనుమానమొస్తది గదా.

గట్ల ఏండ్లకేండ్లు నడిచింది. మొన్న కొత్త సారు గాడ పార్కింగ్ చేస్తనని, పాములు పట్టెటాయన్ని పిలిపించిండు. పాము లేదంటే తెల్లారి జేసీబీ వస్తది. రిటైరైనోణ్ణి, అయినా సంగతి తెల్వంగనే ఉరికిన. ఆయన కట్టె పట్టుకొని రెండు గంటలు రాయి రాయి ఎతికిండు. లేనిది ఏడికెల్లి దొర్కుతది? ఆఖరికి తంగేడు కాడ నిలవడి, "మాదిక్కు ఒక్క చెట్టు లేదు పెద్దమనిషీ. మా బిడ్డ బతుకమ్మకు అడుగుతుంది. నాలుగు కొమ్మలు తీస్కోవచ్చా?" అన్నడు. ఎన్నన్నా తీస్కపొమ్మన్న.

బయటికొచ్చి సారుతోని, "రెండున్నయ్ సార్. చిక్కుతలేవ్" అన్నడు.

నవ్వాలె గదా నేను? ఏడుపొచ్చింది బిడ్డా. గోడ దిక్కు తిరిగిన.

సారు ఇంకొకణ్ణి పిలుస్తడంట. నువ్వు గీడి మొక్కల పేర్లు రాస్కపోనీకి కాలేజీకెల్లి వచ్చినవ్ గదా, నిన్ను గూడ అడుగుతరు. మూడున్నయని చెప్పు. ఒకటి గుడ్లమీదుందను. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు. జర సూస్కుంట పో, గాడ గునుగు మొల్క ఉంది, తొక్కుతవ్...