బాలయేసు నోరు

ఇటలీలో ఉంబ్రియా కొండల్లో చిన్న గుడి. గోడ మీద, ఐదొందల ఏళ్ళ కిందట పచ్చి సున్నంపై వేసిన బొమ్మ: బిడ్డకి పాలిస్తున్న మరియమ్మ. నిచ్చెన మీద బొమ్మ బాగుచేయడానికొచ్చిన తుల్లియా. కింద, గుడి తాళంచెవి తన దగ్గరుంచుకునే ముసలమ్మ ఎర్సీలియా.

"ఎలకల పనేమోనమ్మా."

"ఎలకలు గోడెక్కి మరియమ్మ రొమ్మూ, బాలయేసు నోరూ చూసి మరీ గీకుతాయా మామ్మా?"

"చెమ్మ అయ్యుండొచ్చు."

"చెమ్మకి గోళ్ళుండవు."

"కాఫీ చల్లారిపోతోంది తుల్లియా, ముందు దిగు."

"మాట మార్చకు. రొమ్ము సంగతి తెలుసులే. పాలు పడని బాలింతలు ఆ సున్నం గీకి నీళ్ళలో కలుపుకు తాగేవాళ్ళు. నోరెందుకు గీకారు? అది ఈమధ్యది."

"ఈమధ్యదేం కాదు. అరవై రెండేళ్ళు."

"అంత కచ్చితంగానా?"

"రేపు ఆ నోటికి రంగు వేస్తావు కదూ?"

"వెయ్యను. సున్నం నింపి, గోడ రంగులో కలిపేస్తాను. లేనిదాన్ని ఊహించి గీయడం మా పనిలో దొంగతనం కన్నా తప్పు."

"నోరు లేని పిల్లాడు పాలెలా తాగుతాడే?"

"అది బొమ్మ మామ్మా."

"నేనూ అలాగే అనుకున్నాను. నాకు పాలు పడలేదని మా అత్త, మరియమ్మ రొమ్ము దగ్గర గీకి తెమ్మంది. అక్కడేముంది, నాకంటే ముందొచ్చినవాళ్ళు రాయి తేలేదాకా గీకేశారు. పక్కనే వాడి నోరు. పాలు తగిలిన చోటేగా, ఇదైనా ఒకటేలే అని, తలలో పిన్ను తీసి..."

"నువ్వా?"

"తాగాను. పాలు పడ్డాయి కూడా. రవికె తడిసిపోయేది. మా పిల్లాడు నెల్లో మాత్రం నోరు తెరవలేదు. మూడు రోజులు చూశాను. పంతొమ్మిది రోజుల బిడ్డ."

"నీవల్ల కాదు మామ్మా. వాడికి ముందే జబ్బు చేసుంటుంది."

"డాక్టరూ అదే అన్నాడు, ఫాదరూ అదే అన్నాడు. వాళ్ళు గీకలేదుగా. నేను పోయేలోగా ఆ నోరు పెట్టు తల్లీ."

"ఎలా ఉండేదో తెలియాలి కదా. ఫొటో అయినా లేదు."

"నాకు తెలుసు. చెప్తాను, గీయి."

"మాటివ్వను. ఊరికే కాగితం మీద గీస్తాను. ఊఁ, చెప్పు."

"కింది పెదవి కాస్త లోపలికి. పై పెదవి మధ్యలో చిన్న పొక్కు, పాలు రాకపోయినా చీకి చీకి లేచింది. ఎడమ మూల ఓ నొక్కు. ఏడవబోయే ముందు అక్కడే వణికేది."

"వణికేదా? మామ్మా, ఇది గోడ మీద బొమ్మదేనా?"

"దాన్ని నేనెక్కడ చూశానే, కళ్ళ నిండా నీళ్ళు. నువ్వు గీయి. మా నెల్లోకీ ఫొటో లేదు."