బాబ్జీ మోసిన తెర

తెర లాగేవాడికి చప్పట్లుండవు. నాటకం బాగుంటే వేషగాడికి పేరు, బాగోకపోతే రాసినవాడికి తిట్లు. తాడు పట్టుకున్నవాడి కష్టం తాడుకే తెలియాలి. సింగపూర్‌లోని ఆ చిన్న తెలుగు నాటక సమాజంలో పదకొండేళ్లుగా ఆ తాడు బాబ్జీ చేతిలోనే ఉంది. వారమంతా గిడ్డంగిలో పెట్టెలు దించే చేతులవి. ఆదివారం వస్తే మాత్రం కళాకారుడి చేతులు.

ఆ ఆదివారం రిహార్సల్ అయ్యాక నలుగురు సెరంగూన్‌లో తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో, టిష్యూ ప్యాకెట్ పెట్టి ఆపుకున్న బల్ల చుట్టూ టీకి చేరారు. దర్శకుడూ ముఖ్య వేషధారీ అయిన విశ్వనాథం మేష్టారు, ఎవరికి ఏ పనో కాగితం మీద రాస్తున్నారు. ఈసారి నాటకం బిషాన్‌లో, కొత్త హాల్లో. అక్కడ తెరకి మోటారుంది.

"బటనే కదా మేష్టారూ, లైట్ల దగ్గర కూర్చుని నేనే నొక్కేస్తాను. దానికో మనిషెందుకు?" అన్నాడు చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు కంప్యూటర్లు చూసుకునే ఉదయ్‌కిరణ్. ఆ మాటలో తప్పేమీ లేదు. మేష్టారి కలం 'తెర' అన్నచోట ఆగింది.

బాబ్జీ నోట్లో టీ చేదెక్కింది. ఆ కలం కదిలేలోగా ఏదో ఒకటి చెప్పాలి.

"మోటారంటే గుర్తొచ్చిందండోయ్. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టిన ఆ వైటూకే ఏడాది, ఇక్కడి పాత హాల్లో ఇదే నాటకానికి తాడు బిగుసుకుపోలేదూ? మోటారైతే ఓసారి మూలిగి ఊరుకునేది. నేను నిచ్చెనేసుకుని కప్పీ దాకా ఎక్కి ముడి తప్పించాను. పెద్ద పనేం కాదులెండి."

"నాకేం తెలుసోయ్, నేను గుడ్డిరాజు వేషంలో ఉన్నాను," అన్నారు మేష్టారు.

అది నిజమే. గుడ్డివాడి వేషం కట్టారంటే రంగు పూసిన క్షణం నుంచి కడిగేదాకా ఆయన కళ్లు తెరవరు. అదో నిష్ఠ. చెయ్యి పట్టుకుని సింహాసనం మీద కూర్చోబెట్టాలి. ఒకసారి తబలాలో కాలు దిగబడినా తెరవలేదంటే చూసుకోండి.

కలం ఇంకా కదల్లేదు.

"ముడేమిటండీ నా మొహం, అసలు తాడే తెగింది! మఖమల్ తెర, ఆరు మణుగుల బరువు, ధడేల్‌మని దిగొస్తోంది. ఏం చేస్తాను, కిందకి దూరి భుజం పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా అప్పుడే మేష్టారు పద్యం ఎత్తుకున్నారు. ఆయన రాగం తీస్తే బయట బస్సు రెండు స్టాపులు పోతుంది కదండీ, సరే అయింది, దించుదాం అనుకున్నానో లేదో హాల్లోంచి 'వన్స్‌మోర్!' జనం అడిగాక పాడాల్సిందేగా? పాడారు. మళ్లీ 'వన్స్‌మోర్!'"

మేష్టారి ముఖం వెలిగింది. "అది మాత్రం అక్షరాలా నిజం. మూడు వన్స్‌మోర్లు. నా జన్మలో అదొక్కసారే."

"మూడేమిటండీ! పాడేవారు మీరు, మీకేం తెలుస్తుంది? మోసేవాణ్ణి, నన్నడగండి. పంతొమ్మిది! ఏడోసారికి హార్మోనియం ఆయన సొమ్మసిల్లితే కుడికాలితో హార్మోనియం నేనే తొక్కాను. పన్నెండోసారికి మేష్టారికి గొంతెండితే ఎడమకాలి వేళ్లతో గ్లాసందించాను."

"రెండు కాళ్లూ పనిలో ఉంటే దేనిమీద నిలబడ్డారంకుల్?" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"తెర మీదేనయ్యా! నేను దాన్ని పట్టుకున్నాను, అది నన్ను పట్టుకుంది. మధ్యలో అడ్డురాకు. అప్పుడొచ్చింది చూడండీ, సుమత్రా వైపు నుంచి గాలివాన! వెనక తలుపు విరుచుకుని గాలి లోపలికొచ్చి తెర నిండిపోయింది, పడవ మీద తెరచాప నిండినట్టు. హాలుకి హాలే పునాదుల్లోంచి ఊడి రోడ్డెక్కేసింది. నేను తెర కొస పట్టుకుని చుక్కానిలా తిప్పుతూ, ఎర్రలైటు పడితే ఆపుతూ, సెరంగూన్ నుంచి బిషాన్ దాకా పోనిచ్చాను. లోపల జనానికి తెలిస్తేగా, పద్యంలో ఉన్నారు! బిషాన్లో పార్కింగ్ తనిఖీవాడొకడు ఆపి, పార్కింగ్ కూపన్ పెట్టలేదని హాలుకి సమన్లు రాశాడు. ఆ కాగితం పళ్లతో పట్టుకుని హాలుని వెనక్కి తెచ్చి పునాదుల్లో దించాను. ఒక్క కుర్చీ జరిగితే ఒట్టు. ఇప్పుడు చెప్పండి, మోటారుకి చేతనవుతుందా?"

ఉదయ్‌కిరణ్ పొలమారేలా నవ్వాడు. మేష్టారు కూడా నవ్వుకుంటూ కాగితం మీద 'బా' అని రాశారు.

అప్పుడు వెంకమ్మ కప్పు కింద పెట్టింది. ఆవిడ మలేసియాలో పుట్టిన తెలుగామె. సమాజానికి బట్టలు కుడుతుంది. మాట చివర 'లా' తగిలించకుండా ఉండలేదు.

"తంబీ, ఆరోజు నేను హాల్లో ఉన్నాను. అప్పటికింకా సమాజంలో చేరలేదు. జొహోర్ నుంచి మా ఆయనతో నాటకం చూద్దామని వచ్చాను."

"అయితే నువ్వే చెప్పక్కా, హాలు కదిలిందా లేదా?"

"హాలు సంగతి తెలీదు లా. తెర మాత్రం కదల్లేదు."

వెంకమ్మ మళ్లీ కప్పందుకుని ఒక గుక్క తాగింది.

"మొదటి రంగమంతా తెర దించే ఉంది. వెనకాల ఎవరో పాడుతున్నారు. పద్యం అయిపోయింది. ఇంకోసారి పాడితే ఈసారైనా ఎత్తుతారేమోనని వన్స్‌మోర్ అన్నాం. ఎత్తలేదు. మళ్లీ అన్నాం. ఎత్తలేదు. మూడోసారికి మా ఆయన గొంతు పోయింది."

మేష్టారు కాగితం మీంచి తలెత్తారు. "అంటే... పద్యానికి కాదా?"

"పద్యం బాగానే ఉంది లా," అంది వెంకమ్మ, అన్యాయం చెయ్యడం ఇష్టంలేక. "మనిషిని కూడా చూద్దామని."

"తాడు బిగుసుకుపోయిందని నేను మొదటే చెప్పానుగా," అని గొణిగాడు బాబ్జీ.

"బిగుసుకుపోతే నాతో ఒక్క మాట చెప్పొద్దుటయ్యా?"

"చెబుదామనే మీ పక్కకొచ్చానండి. అప్పుడే మొదటి వన్స్‌మోర్ పడింది. మీ ముఖం చూశాక నోరు రాలేదు."

మేష్టారు 'బా' మీద అడ్డగీత గీసి ఉదయ్‌కిరణ్ పేరు రాశారు. తలెత్తకుండానే అన్నారు: "బాబ్జీ, ఈసారి నువ్వు హాల్లో కూర్చో. తెర లేవకపోతే ముఖాలూ గిఖాలూ చూడకుండా లేచొచ్చి నాకు చెప్పు."

"లేస్తేనండీ?"

మేష్టారు కలానికి మూత పెట్టారు.

"లేస్తే 'వన్స్‌మోర్' అను. మూడుసార్లు."