గాజుల కొలతకు వచ్చిన నల్ల అద్దం

అధ్యక్షులు, మన ప్రిన్సిపాల్ హనుమంతు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, చరిత్ర పాఠం ఇక ఉండదన్న సంతోషంతో వచ్చిన నా విద్యార్థులకు, భోజనాలు ఆలస్యమవుతున్నా కదలకుండా కూర్చున్న మిత్రులకు నమస్కారం. తక్కువ మాట్లాడతానని కాలేజీలో నాకు పేరుంది. ఈ రోజు ఆ పేరు పోయేట్టుంది. తప్పు నాది కాదు, ఇందాక నా చేతిలో పెట్టిన ఈ డబ్బాది. (నవ్వులు)

వెనుక వరుసలకు కనబడదు కాబట్టి చెబుతాను. ఇది కెమెరా లెన్సు ముందు బిగించే నల్ల అద్దం. వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ అంటారు. ఎండ జోరును తగ్గిస్తుంది. అప్పుడు షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచవచ్చు, మిట్టమధ్యాహ్నం కూడా జలపాతం పాలు జారుతున్నట్టు వస్తుంది. అంచు పట్టి తిప్పితే నలుపు పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది.

రిటైరయ్యేవాళ్లకు శాలువా, గోడగడియారం ఇవ్వడం మన ఆనవాయితీ. నాకు గడియారానికి బదులు ఇది ఎందుకు వచ్చిందంటే, నా భార్య మమతారాణి పోయినప్పటి నుంచి నేను కెమెరా ముట్టలేదు. దాన్ని కామర్స్ ఓంప్రకాశ్ గారికి రేపు ఇచ్చేస్తానని మాటిచ్చాను. ఆ మాట చెడగొట్టడానికి పన్నిన కుట్ర ఇది. కుట్రదారులు ఇద్దరు, కెమిస్ట్రీ నూరీన్ గారు, తెలుగు లింగమూర్తి గారు. తలలు దించుకోకండి, అందరూ చూస్తున్నారు.

నా లెన్సు సైజు ఎంతో నన్ను అడిగితే గుట్టు బయటపడుతుంది. లెన్సు మీద అంకె రాసే ఉంటుందని వీళ్లకు తెలియదు. ఓంప్రకాశ్ గారికి చూపిద్దామని కెమెరా తెచ్చి, స్టాఫ్ రూములో పెట్టి నేను క్లాసుకు పోయాను. లింగమూర్తి గారు తలుపు దగ్గర కాపలా. నూరీన్ గారు గాజుల దుకాణం నుంచి అడిగి తెచ్చిన తీరుతీరు సైజుల గాజులు తీసి, ఒక్కొక్కటే నా కెమెరాకు తొడిగి చూశారు. పెళ్లికూతురి చేతికి కూడా ఎవరూ అంత శ్రద్ధగా తొడగరు. (నవ్వులు) రెండు పన్నెండు సైజు గాజు సరిపోయింది. ఇద్దరూ తిన్నగా కెమెరా దుకాణానికి పోతే, లింగమూర్తి గారు "రెండు పన్నెండు సైజుల నల్ల అద్దం ఇయ్యి" అన్నారట. "గాజుల షాపు పక్క గల్లీల ఉన్నది సార్" అన్నాడట దుకాణదారు.

లింగమూర్తి గారు తగ్గలేదు. "రిటైర్మెంట్ గిఫ్టు గిది. అన్నిటికంటె ఎక్కువ నల్లగయ్యేదే తియ్యి."

నూరీన్ గారు చూడకుండా కొనే మనిషి కాదు. గాజు కొలతకు దుకాణదారు తీసిన అద్దాన్ని అక్కడి కెమెరాకు పెట్టించి, లింగమూర్తి గారిని రోడ్డు మీద ఎండలో నిలబెట్టి, అంచు చివరిదాకా తిప్పించి ఫోటో తీయించారు. ఆయన మీద ఆ మూల నుంచి ఈ మూలకు పెద్ద నల్ల ఇంటు మార్కు పడింది.

"ఏంది మేడం, నన్ను ఫెయిల్ చేసిండ్రా?"

"జర ఆగుండ్రి సార్, ఇంకోటి చూద్దాం. ఎండల్నే ఉండుండ్రి."

రెండో అద్దంలో ఆయన తెల్ల లాల్చీ పసుపులో ముంచినట్టు వచ్చింది. "గిప్పుడు పెండ్లికొడుకును చేసిండ్రు!" "ఫికర్ చెయ్యకుండ్రి, మీరు తెల్లగ వచ్చేదాక ఇడిచిపెట్ట." మూడో అద్దంలో లాల్చీ తెల్లగానే ఉంది, మార్కు లేదు, అంచు రెండు వైపులా ఒక హద్దు దగ్గర టక్కున ఆగింది. నాకు అందింది అదే. ఫిల్టర్ కొనేవాళ్లకు నేను చెప్పగలిగింది కూడా అంతే. ఎంత నల్లబడుతుందని అడగకండి, తెలుపును తెలుపుగా ఉంచుతుందా, ఆగాల్సిన చోట ఆగుతుందా అని చూడండి.

ఒక సంగతి. డబ్బా మీద డెబ్బై రెండు మిల్లీమీటర్లు అని ఉంది. నా లెన్సు అరవై ఏడు. గాజు లెన్సును బయటి నుంచి కొలిచింది, అద్దం బిగిసేది లోపలి మర చుట్లకు. నూరీన్ గారూ, ముఖం అలా పెట్టకండి. పెద్దదే మేలు. మధ్యలో ఒక సన్నటి రింగు వేస్తే సరిపోతుంది, ఫోటో మూలలు నల్లబడవు, రేపు నేను పెద్ద లెన్సు కొన్నా పనికొస్తుంది.

(ఆగి) రేపు కొంటానన్నాను కదా. మీరూ విన్నారు.

నా దగ్గర ఉన్నవి పాత రకం అద్దాలు, ఒక్కో దానికి ఒక్కటే నలుపు. ఎండకు ఒకటి, మబ్బుకు ఒకటి. విప్పి బిగించేలోపు వెలుగు మారిపోయేది. పొచ్చెర జలపాతం దగ్గర బండ మీద కూర్చొని మమత అనేది, "మీరు అద్దాలు మార్చెటాళ్లకు మబ్బు ఖానాపూర్ దాటిపాయె. గీ పల్లికాయలన్న తినుండ్రి." కదలకుండా కూర్చోమంటే వినేది కాదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పల్లికాయలు వొలిచేది. అందుకే ఆ ఫోటోలలో బండ స్పష్టంగా ఉంటుంది. ఆమె ఉన్న చోట, ఆమె చీర రంగులో, ఆకుపచ్చటి పొగ ఉంటుంది. అవి చూడలేక కెమెరా ఇచ్చేస్తానన్నాను.

(అద్దాన్ని వెలుగుకు ఎత్తి చూసి)

హనుమంతు గారూ, మన్నించాలి. ఇందాక మీరు నన్ను పొగిడిందంతా నేను వినలేదు. వేళ్లు దీని అంచును తిప్పుతూనే ఉన్నాయి. (నవ్వులు) ఈ వానలకు పొచ్చెరలో నీళ్లు ఎంత దూకుతుంటాయో అని ఆలోచిస్తున్నాను. ఇంతకాలం తర్వాత ఆ ఆలోచన రావడం ఇదే మొదలు. కాబట్టి ఓంప్రకాశ్ గారూ, అందరి ముందూ మాట తప్పుతున్నాను. కెమెరా ఇవ్వను.

(చప్పట్లు. ఓంప్రకాశ్ గారు లేచి: "సార్, నేను బ్యాగు సుత కొన్న!")

మంచి పని చేశారు. ఆదివారం తెల్లవారగానే ఆ బ్యాగుతో మా ఇంటికి రండి. కెమెరా అందులో పెట్టుకొని, పొచ్చెర పోవడానికి ఆదిలాబాద్ బస్సెక్కుదాం. ఫోటోలు సగం మీరు తీయండి, సగం నేను తీస్తాను.

("వస్త సార్!")

ఆయన వస్తానన్నారు. మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.