సుంకమ్మవ్వ పెట్టిన చెప్పుల లైను

సుంకమ్మవ్వ ఉండాది సూడు, ఎర్రకొట్టాల సుంకమ్మవ్వ, ఆ ఊరి నీళ్ళ వాల్వు గుంతకు బీగముంటాది గదా, ఆ బీగంచెవి ముప్పై ఏండ్లు ఆయమ్మ కొంగునే ఉన్నింది. సర్పంచులు మారినారు, పైపులు మారినాయి, బీగంచెవి మాత్రం ఆ కొంగు ఇడిసింది ల్యా. నీళ్ళు వచ్చేది నాలుగు నాళ్ళకు ఒగ తూరి, అదీ గంటసేపు. అనంతపురం జిల్లాలో పుట్టినోళ్ళకు నీళ్ళంటే ఏందో నేను జెప్పల్నా? ఆ గంటలో ఊరంతా పట్టుకోవాలంటే ఒగ కట్టుబాటు ఉండాల. ఆయమ్మ పెట్టింది. బిందె లైన్లో ఉంటే మనిషి లైన్లో ఉన్నెట్లే. బిందె ల్యాకపోతే చెప్పు పెట్టు, రాయి పెట్టు, ఏదైనా సరే. నిండినాక బిందె తియ్యాల, కొళాయి కింద పెట్టుకోని ముచ్చట్లు చెప్పేది ల్యా. సావింటి బిందెకు లైను ల్యా, అది నేరుగా ముందుకు పోతాది. ఈ మాట ఎవురన్నా దాటినారనుకో, ఆయమ్మ తిట్టదు, కొట్టదు. పోయి బీగం తీసి వాల్వు తిప్పేస్తాది. ఇంగ ఎవురికీ నీళ్ళు ల్యావు. ఒగ తూరి సర్పంచి పెండ్లాము నిండిన బిందె తియ్యకుండా ఇంగో బిందె తెమ్మని మనిషిని పంపిచ్చిందంట. తిప్పేసింది సుంకమ్మవ్వ. నలభై మంది ఆడోళ్ళు ఆ సర్పంచి పెండ్లాము మొగమే జూస్తా నిలబడినారు. ఎంతసేపు ఓర్సుకుంటాది? తీసింది. ఎవురబ్బా అది, ఆ గోడకాడ ఫోను ఛార్జింగు పెట్టి పోయినారు? సరేలే, ఉండనీ, కతైనాక జూస్తా.

ఇట్లుంటే ఏమైందంటే, ఒగనాడు ఎండలకాలంలో డోను ఊరి అవతల నుంచి ఫోనొచ్చింది, సుంకమ్మవ్వ అక్క ఎల్లమ్మ సచ్చిపోయిందని. అక్కంటే ఉత్త అక్క గాదు నాయనా. సుంకమ్మ పుట్టిన ఏడాదికే వాళ్ళమ్మ పాయె. ఎల్లమ్మే సంకనేసుకోని సాకింది, తాను తినక తినిపిచ్చింది. పోయినేడు ఈయమ్మ సూడ్డానికి పోతే చెయ్యి పట్టుకోని అనిందంట, సుంకీ, మన పుట్టినింట్లో ఇంగ నువ్వొక్కదానివే మిగిలినావు, నేను పోతే నా మింద పుట్టినింటి కోక నువ్వే కప్పాల, కప్పకుండా నన్ను సాగనంపొద్దు, దిక్కులేని దాని మాదిరి పోను నేను, అని. సరే అక్కా అని చేతిలో చెయ్యేసింది. ఆడదాని మింద పుట్టినింటి కోక పడకుండా మన్ను జేస్తే అదెంత వెలితో మీ అమ్మల్ని అడగండి, చెప్తారు. ఫోన్లో ఎల్లమ్మ కొడుకు, చిన్నమ్మా, ఎండలు జూస్తాండావు గదా, పెట్టుకోల్యాము, పొద్దు గూకేలోపల ఎత్తేస్తాము, నువ్వు అంతలోపల రావాల, అన్యాడు. వస్తా నాయనా, నేనొచ్చేదాకా ఎత్తొద్దు, అనింది. పెట్టెలో దాచిపెట్టిన కొత్త కోక తీసింది, అంచుకు పసుపు పెట్టింది, సంకలో పెట్టుకోని బయటికొచ్చింది. ఏడ్సల్యా. ఏడిస్తే ఆలస్యమైతాది అనిందంట.

బస్సులకు పోతే మూడు బస్సులు మారాల, తెల్లారతాది. మనవరాలు గంగరత్న బాడుగకు కారు తోల్తాది, కరెంటు కారు. నేను తోడుకోని పోతా కూచ్చో అవ్వా, అనింది. ముందురోజు ఊర్లో కరెంటు ల్యా, కారు సగమే నిండింది. ఏముందిలే, దావలో నింపుకుందాము అని బయల్దేరినారు. అనంతపురం దాటినాక ఒగ ఛార్జింగు స్టేషను ఫోన్లో పచ్చగా సూపిచ్చింది. ఎనిమిది మైళ్ళు పక్కకు తిరుక్కోని ఆడికి పోయి జూస్తే ఏముంది? తెర నల్లగా, లైటు ల్యా, పలికే నాథుడు ల్యాడు, మిషను నీడన కుక్క పండుకోనుండాది. ఫోన్లో బాగుండాదే అని రత్న నోరు తెరుచుకునింది. ఫోన్లో నీళ్ళొస్తే బిందె నిండతాదా పిల్లా, పద, అనింది అవ్వ. ఏసీ ఆపేసి, అద్దాలు దించుకోని, వడగాలి మొగాన కొడ్తాంటే ఎద్దులబండి మాదిరి మెల్లగా తోల్కుంటా గుత్తి దాటేసరికి మూడున్నర అయింది. కార్లో మిగిలింది తొమ్మిది. నూటికి తొమ్మిది. అక్క ఊరికి ఇంగా గంటన్నర దావ.

గుత్తి దాటినాక హైవే మింద ఒగ దాబా, దాబా పక్కన ఛార్జింగు మిషను. దానికి రెండు గన్నులు. గన్నంటే తుపాకి గాదురా, కారుకు గుచ్చేదాన్ని అట్లనే అంటారు, పెట్రోలు బంకులో అన్నెట్ల. ఒగ గన్నుకు గుడ్డ చుట్టి 'పనిచేయదు' అని కాయితం అంటిచ్చినారు. ఉండేది ఒగటే. ఆ ఒగటికీ ఏనుగంత తెల్లకారు ఒగటి తగులుకోనుండాది, దాంట్లో మనిషి ల్యాడు. ఎండలో మల్లెపూల గంపలేసుకున్న కరెంటు డాలాబండి ఒగటి, హైదరాబాదు పోయే మొగుడూ పెండ్లాల కారొకటి, తలా ఒగ దిక్కు నిలబడుకోనుండాయి. లైనూ ల్యా పాడూ ల్యా. గన్ను ఖాళీ అయినప్పుడు ఎవురు ముందు దూరితే వాళ్ళది. కాపలాకు మద్దిలేటి అని యాభై ఏండ్ల మనిషి, కాకి చొక్కా, భయస్తుడు. అవ్వ అడిగింది, ఏమప్పా ఆ తెల్లబండికి ఎంత నిండింది అని. తొంభై ఒకటి అవ్వా, అన్యాడు. మరి తియ్యొచ్చు గదా? ఎట్ల తీస్తారవ్వా, నూరు అయ్యేదాకా ముట్టుకోవద్దన్యాడు సారు. ఎనభై దాటినాక నత్త నడకే, ఇంగ ముక్కాలు గంట పట్టినా పడతాది. పూలు వాడిపోతాండాయని పూలాయన రెండుతూర్లు అడిగినాడు, సారు అరిసినాడు, అన్యాడు. సారేడి? లోపల ఏసీ రూములో తింటాండాడు.

అవ్వ లోపలికి పోయింది. నల్లబూట్లు, తళతళ మెరుస్తాండాయి, వాటి మింద ఆయప్ప, ముందర బిర్యానీ. నాయనా, నీ బండికి శానా ఎక్కింది, బయట ముగ్గురం కాసుకోనుండాము, నువ్వు యాడిదాకా పోవాల? అని బాగనే అడిగింది. తలకాయి ఎత్తకుండానే, కర్నూలుకు, అన్యాడు. కర్నూలుకు సగం చాలంట గదప్పా, మా పిల్ల జెప్పింది. 'చాల్తాది. అయితే ఏమి? నాకు నూరు కావాల. నా కారు, నా ఇష్టం. పో అవ్వా, తిననీ' అని ఈగను తోలినట్ల చెయ్యి ఊపినాడంట. బయటికొచ్చినాక రత్న కొంగు పట్టుకోని బతిమాలింది, అవ్వా, సావుకు పోతాండామని చెప్పు, సంకలో కోక సూపించు, ఎంతటోడైనా కరుగుతాడు, అని. అప్పుడీయమ్మ ఏమనిందో తెలుసునా? 'చెప్పను. సావు జెప్పి నేను ఇప్పిచ్చుకుంటే, సావు ల్యానోడు ఎట్ల ఇప్పిచ్చుకుంటాడు? పూలాయన ఇంట్లో ఎవురూ సావల్యా. అందుకని ఆయప్పకు వంతు ల్యాదా?' అనింది. సూడండి తిక్క! అక్క ఆడ అరుగుమింద పండుకోనుండాది, పొద్దు దిగతాండాది, ఈయమ్మకు వంతు కావాలంట. నేనైతే ఆ బూట్లే పట్టుకునేటోన్ని. ఆయమ్మ నా మాదిరి గాదు.

ఇంగ జూడు. ముందొచ్చింది ఎవురు? అని అడిగింది. నేనేనవ్వా, అన్యాడు పూలాయన. తర్వాత? మేము, అన్యారు హైదరాబాదోళ్ళు. సరే, ఇడవండి చెప్పులు, అనింది. ఆ మొగుడికి నామోషీ, ఇటు జూస్తాడు, అటు జూస్తాడు. పెండ్లాము నవ్వుకుంటా ఎత్తుమడమ చెప్పు ఇడిసి ఇచ్చింది. మిషను ముందర ఆ కాలే సిమెంటు మింద పూలాయన రబ్బరు చెప్పు, దాని ఎనక ఎత్తుమడమ చెప్పు, దాని ఎనక అవ్వ టైరు చెప్పు. లైను అయిపాయె. అవ్వ ఒంటికాలి చెప్పుతో మిషను చుట్టూ తిరిగి జూసింది. ఈ ఎర్రబొత్తం ఏందప్పా? అయ్యో ముట్టొద్దవ్వా, అది ప్రమాదం అయితే ఒత్తేది, ఒత్తినామంటే మొత్తం ఆగిపోతాది, మళ్ళా తాళంతో తిప్పితేనే లేసేది, అన్యాడు మద్దిలేటి. 'అంటే వాల్వు' అనింది అవ్వ. ఏమి వాల్వు? అని ఆయప్ప అడిగేలోపల టక్కుమని ఒత్తేసింది. మిషను గుర్రుగుర్రుమంటాండేది కాస్తా గమ్మున అయిపాయె.

కారు నిండేది ఆగిపోయిందని బూట్లాయన ఫోనుకు తెలిసిపోయింది. ఎంగిలిచేత్తోనే పరుగెత్తుకోనొచ్చినాడు. ఎవురు? ఎవురు ఒత్తింది? అని ఎగురుతాండాడు. నేనే, సుంకమ్మ, ఎర్రకొట్టాల, అనింది. ఊరు పేరుతో సహా చెప్పింది అనుకో, దాక్కునేదేముంది! 'నీ బిందె నిండింది నాయనా. తీస్తే అందరికీ వస్తాయి నీళ్ళు. తియ్యకపోతే ఎవురికీ ల్యావు. నాకూ ల్యావు' అనింది. ఏం బిందె, ఏం నీళ్ళు, నీకు మతి ఉండాదా? నేనెవురో తెలుసా? అన్యాడు. 'తెలుసు. నిండినా తియ్యనోడివి' అనింది. ఆయప్పకు ఎర్రగా ఎక్కింది. మద్దిలేటి మిందికి తిరిగినాడు. 'ఏయ్, తిప్పు దాన్ని. తిప్పకుంటే రేపట్నించి నీకీడ పని ఉండదు, ఒగ్గ ఫోను చాలు నాకు.' పాపం మద్దిలేటికి ఇద్దరాడపిల్లలు, ఆ కాకి చొక్కానే ఆధారం. బూట్లాయన్ని జూసినాడు, కింద మూడు చెప్పుల్ని జూసినాడు. తాళం జేబులో దోపుకోని అన్యాడంట, 'సార్, తిప్పేది నేనే, తాళము నా కాడనే ఉండాది. మీ బండి తీస్తే తిప్పుతా. తియ్యకుంటే తిప్పను.' అబ్బ! సెభాష్ మద్దిలేటీ! పూలాయన వచ్చి మద్దిలేటి పక్కన నిలబడినాడు. హైదరాబాదు మొగుడు గూడా వచ్చి నిలబడినాడు, చెప్పులుండేది ఆ పక్కనే గదా. ఉత్తగా బూట్లాయన మొగమే జూస్తా నిలబడినారు. ఎంతసేపు ఓర్సుకుంటాడు? ఎవురెవురికో ఫోను జేసినాడు, ఎవురూ ఎత్తల్యా, ఎత్తినోడు తర్వాత చేస్తానన్యాడు. ఆఖరికి గన్ను పీకి, కారు ఎనక్కి తీసినాడు. మద్దిలేటి తాళం తిప్పినాడు, మిషను మళ్ళా లేసింది.

లేసిందో ల్యాదో, నాకింగా తొమ్మిది తక్కువుండాది, మళ్ళా నేనే పెట్టుకుంటా, అని చెయ్యి సాపినాడు బూట్లాయన. పెట్టుకో నాయనా, ఎవురొద్దన్యారు, ఆ బూటు ఇడిసి చివర పెట్టు, నీ వంతు వస్తాది, అనింది అవ్వ. హైదరాబాదామె కిసుక్కున నవ్వింది. సరిగ్గా అప్పుడే రత్న ఫోను మోగింది. దావ సూపిచ్చేదానికి పెట్టుకున్న ఫోను గదా, గట్టిగా అందరికీ ఇనపడింది ఎల్లమ్మ కొడుకు గొంతు. 'యాడుండారు మీరు? చిన్నమ్మ యాడ? పాడె కట్టేసినాము. అందరూ కోక కోసరమే కాసుకోనుండారు. పొద్దు గూకితే నా చేతిలో ల్యా' అన్యాడు. అప్పుడు జూసినారు అందరూ, అవ్వ సంకలో పసుపంచు కోకను. పూలాయన వంగినాడు, మూడో చోటున్న టైరు చెప్పు చేత్తో తీసినాడు, ముసిలామె చెప్పు, తీసుకొచ్చి అన్నిటికీ ముందర పెట్టినాడు. ఏయ్, నాది మూడో వంతప్పా, ఎనక పెట్టు, అని అవ్వ గదిరింది. 'మీ ఊర్లో ఎట్లనో నాకు తెలీదవ్వా. మా ఊర్లో సావింటి బిందెకు లైను ల్యా' అన్యాడు పూలాయన. సుంకమ్మవ్వ కట్టుబాటే వచ్చి ఆయమ్మ ముందర నిలబడింది గదా, ఏమని కాదంటాది? పొద్దున్నించి ఏడ్వనిది అప్పుడేడ్సింది, అక్కా అని, ఆ మిషను కాడ కూలబడి.

బూట్లాయన గొంతు తగ్గింది. ముందే చెప్పింటే ఇచ్చేటోన్ని గదవ్వా, నేనంత కసాయోన్నా? అన్యాడు. అవ్వ కొంగుతో మొగం తుడుసుకోని లేసింది. 'నిన్ను నేను దయ అడగల్యా నాయనా. వంతు అడిగినా' అనింది. అంతే. గన్ను రత్న కారుకు గుచ్చినారు. నిమిసానికోతూరి రత్నను అడుగుతానే ఉండాది, ఎంతైంది, ఎంతైంది అని. యాభై అయిందవ్వా, అనింది రత్న. పోయేదానికి చాల్తాదా? చాల్తాది. 'అయితే తియ్యి, పూలాయన పెట్టుకోనీ.' ఇంగో పది పెట్టుకుందామవ్వా, నిమ్మళంగా పోవచ్చు, అంటే ఇనదే! తీసేసినారు. పూలాయన బండిలోంచి ఒగ గంప మల్లెలు ఎత్తి కార్లో పెట్టినాడు, మీ అక్కకు, అని. పొద్దు కొండకు మూరెడు దూరంలో ఉన్నప్పుడు వాళ్ళు ఆ ఊరు చేరినారంట. ఎత్తిన పాడెను మళ్ళా దించినారు. సుంకమ్మవ్వ పుట్టినింటి కోక అక్క మింద పరిచి, కాళ్ళకాడినుంచి గడ్డందాకా సదిరి, 'వచ్చినా అక్కా, ఎవుర్నీ అడుక్కోకుండా వచ్చినా' అని చెవిలో జెప్పిందంట.

మద్దిలేటి పని పోయిందా అంటారు గదా మీరు? పోల్యా. ఆడనే ఉండాడు. మిషను ముందర సున్నంతో గీత గీసినాడు, వచ్చినోళ్ళందరిచేతా చెప్పులు ఇడిపిచ్చి ఆ గీత మింద పెట్టిస్తాండాడు. కావాలంటే గుత్తి దాటినాక ఏ దాబానో మీరే ఎతుక్కోండి, నన్నడగొద్దు. బూట్లాయన సంగతా? కొందరు కోపంతో ఎలిపోయినాడంటారు. మద్దిలేటి మాత్రం, రొంతసేపు కార్లో కూచ్చోని, దిగి, ఎవురన్నా జూస్తాండారా అని అటూ ఇటూ జూసి, ఒగ నల్లబూటు ఇడిసి హైదరాబాదామె చెప్పు ఎనకాల పెట్టినాడు అని చెప్పినాడంట. తొమ్మిది కోసరం! నేను మద్దిలేటి మాటే నమ్ముతా, మీరేది నమ్మితే అది నమ్మండి. కత అయిపాయె. ఇంగ ఆ గోడకాడి ఫోను ఎవురిదో లేయండి. ఇందాకట్నించి జూస్తానే ఉండా, నూరు సూపిస్తాండాది. నిండినాక తియ్యాలని ఇంతసేపూ గొంతు చించుకునింది ఎవురికి? తియ్యండి, నాది పెట్టాల.